ఇంజన్ ఆగిందనుకుని

సమ్మెట మొదటి దెబ్బకి జీపు ముందు అద్దం రాలిపడలేదు. గీతలు గీతలుగా చిట్లి, మొండిగా అక్కడే నిలబడింది. దాంతో కెప్టెన్‌కి ఒళ్ళు ఇంకా మండింది. రెండో దెబ్బకి అద్దమంతా సీట్లలోకి రాలిపోయింది. మూడోది బానెట్ మీద పడింది.

అందరూ షెడ్డక్క అని పిలిచే కెప్టెన్ భార్య, సగం దించిన షట్టరు కింద నుంచి వంగి షెడ్డులోకి వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆసుపత్రి నుంచి తెచ్చిన ఫ్లాస్కు ఇంకా చేతిలోనే ఉంది. ఆ జీపు ఆమె తండ్రిది. సమ్మెట ఆమె భర్తది. తండ్రి పోయాక ఆ జీపు కడుపులోంచి పెట్రోలు ఇంజన్ తీసేసి బ్యాటరీ, మోటారు బిగించింది ఆమె తమ్ముడు. మొన్న కొండవాగులో ఆ జీపు చక్రం కింద నలిగింది ఆమె మరిది కాలు. ఒక్క బండికి ఇంతమంది చుట్టాలుంటే మధ్యలో ఉన్న ఆడమనిషి ఎటు తిరిగి ఏడవాలి?

"ఆపండి. బ్యాటరీ సీటు కిందే ఉంది. దాని మీద దెబ్బ పడిందంటే షెడ్డంతా అంటుకుంటుంది," అంది.

కెప్టెన్ వినిపించుకోలేదు. సమ్మెట మళ్ళీ పైకి లేచింది. ఆమె వెళ్ళి కర్ర పట్టుకుంది. అతను కర్ర వదలకుండానే రెండో చేత్తో చెంప మీద ఒక్కటిచ్చాడు. ఫ్లాస్కు ఎగిరి వెళ్ళి టైర్ల దొంతర మీద పడింది.

పెళ్ళయ్యాక అతను ఆమె మీద చెయ్యి చేసుకోవడం ఇదే మొదలు కాదు. నలుగురి ముందు చేసుకోవడం మాత్రం ఇదే మొదలు.

ఆ నలుగురూ అక్కడే ఉన్నారు. పంచాయితీ ఉంది రమ్మని మధ్యాహ్నం కెప్టెనే ఫోన్లు చేసి పిలిచాడు. అంతా కెప్టెన్ నడిపే జీపు క్లబ్బువాళ్ళు. ఆదివారం వచ్చిందంటే ఉన్న రోడ్డు వదిలేసి లేని రోడ్డు వెతుక్కుంటూ పోయి, బురదలో దిగబడి, ఒకరినొకరు గొలుసులు వేసి లాక్కుని, ఇంటికొచ్చి అదేదో ఘనకార్యంలా చెప్పుకునే జనం. పెళ్ళాం పుట్టినరోజు మర్చిపోతారు గానీ టైర్లలో గాలెంత ఉందో మర్చిపోరు. వాళ్ళలో నోరున్నవాళ్ళు ఇద్దరు. ఒకాయన పళ్ళ డాక్టరు, పెట్రోలు తప్ప మరో మాట గిట్టని మనిషి. రెండో ఆయన లెక్కల మాస్టారు, రేపో మాపో తన బండిని కూడా బ్యాటరీకి మార్పించుకోవాలని ఉబలాటపడుతున్నవాడు. ఇద్దరూ ఆ చెంపదెబ్బ చూశారు. ఇద్దరూ గోడకి వేలాడుతున్న రెంచీల వంక చూపు తిప్పుకున్నారు.

షెడ్డక్క చెంప మీద చెయ్యి కూడా వేసుకోలేదు. ఆమె బాధ చెంపలో లేదు. పొద్దున ఆసుపత్రిలో మరిది తన చేత వేయించుకున్న ఒట్టు దగ్గరే ఉంది ఆమె ప్రాణమంతా.

మరిది కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. మత్తు వదిలాక ఆ కుర్రాడు దుప్పటి ఎత్తి చూసుకున్నాడు. తర్వాత వదిన చెయ్యి దగ్గరికి లాక్కుని, ఎవరూ వినకుండా అడిగాడు.

"వదినా, నువ్వు పై బండ మీద ఉన్నావు కదా. అన్న చెయ్యి ఊపడం చూశావా?"

చూశానంది.

"అన్నకి చెప్పకు. తనకి గుర్తులేదు. గుర్తొస్తే తట్టుకోలేడు. నా మీద ఒట్టెయ్యి," అన్నాడు.

వేసింది. కాలు పోయిన పిల్లాడు అడిగితే ఎవరు కాదంటారు?

అసలు జరిగింది ఇంతే. దారి కష్టంగా ఉన్నచోట ఒకడు దిగి బండి ముందు నడవడం ఈ జనానికి అలవాటు. వాడి కళ్ళు రాళ్ళ మీద ఉంటాయి, చెవులు వెనక ఇంజన్ మీద ఉంటాయి. ఇంజన్ చప్పుడు ఆగిందంటే బండి ఆగినట్టే లెక్క. ఇక చక్రం ముందుకి వెళ్ళి గొలుసు తగిలించొచ్చు. ఈ సంగతి ఒకరు చెప్పేది కాదు. ఏళ్ళ తరబడి చెవికి పట్టిన అలవాటు. బ్యాటరీ జీపుకి ఆ చప్పుడే లేదు. బతికి ఉన్నా మౌనమే, చచ్చినా మౌనమే.

అందుకే షెడ్డక్క తమ్ముడు అంతకుముందు క్లబ్బు మీటింగులో ఒక మాట అన్నాడు. తన బండి ముందుకి ఎవరైనా రావాలంటే, తోలేవాడు ముందు బండి తాళంచెవి తీసి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూపించాలని, అది చూశాకే అడుగు వెయ్యాలని. కెప్టెన్ పగలబడి నవ్వాడు. తాళం చూపించడానికి ఇల్లేమైనా అద్దెకిస్తున్నావా అన్నాడు. క్లబ్బంతా నవ్వింది. మరిది కూడా నవ్వాడు. తమ్ముడు ముఖం చిన్నబుచ్చుకుని ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

వాగులో తమ్ముడు తోలుతున్న జీపు బండకి ఆనుకుని నిలిచిపోయింది. చప్పుడు లేదు. గట్టు మీద నిలబడ్డ కెప్టెన్, ఆగింది వెళ్ళు అన్నట్టు కుడిచెయ్యి ఊపాడు. గొలుసు పట్టుకుని మరిది బండకీ చక్రానికీ మధ్యలోకి దిగాడు. పై నుంచి తాడు పట్టుకున్న షెడ్డక్క ఆ చేతినీ చూసింది, ఆ తర్వాత జరిగినదీ చూసింది.

ఇప్పుడు షట్టరు చప్పుడైంది. రావద్దని దారిలో ఫోన్ చేసి మరీ చెప్పింది, అయినా తమ్ముడు వచ్చాడు. క్లబ్బులో అందరూ ప్లగ్గు అని ఏడిపించే మనిషి, చెయ్యెత్తి ఎవర్నీ ఒక దెబ్బ కొట్టి ఎరగనివాడు. పగిలిన అద్దాన్నీ, సొట్టపడ్డ బానెట్‌నీ చూశాడు. అక్క చెంప చూశాక నేరుగా ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఎందుకొచ్చావురా?" అంది ఆమె.

"రాకపోతే పారిపోయాడంటారక్కా."

కెప్టెన్ సమ్మెటని బానెట్‌కి ఆనించి, నుదుటి చెమట మోచేత్తో తుడుచుకున్నాడు. అందర్నీ కూర్చోమన్నాడు. టైర్ల మీదా, స్టూళ్ళ మీదా కూర్చున్నారు. మూలన తార్పాలిన్ కప్పిన, ఆ జీపులోంచి తీసిన మామగారి పాత ఇంజన్ చెక్క దిమ్మెల మీద ఉంది. కెప్టెన్ దాని పక్కనే నిలబడ్డాడు. పదహారేళ్ళ వయసులో ఈ షెడ్డుకి పనికి వచ్చినప్పుడు అతను మొదట విప్పిన ఇంజన్ అదే. మామగారు అతని చేతిలో స్పానరు పెట్టింది దాని ముందే, కూతురిని ఇస్తానన్నదీ దాని ముందే. బావమరిది దాన్ని బయటికి దించిన రోజు కెప్టెన్ అన్నం తినలేదు. ఆ కోపం ఈ వారం పుట్టింది కాదు. కాకపోతే ఈ వారం దానికి ఒక సాకు దొరికింది.

పళ్ళ డాక్టరు గొంతు సవరించుకున్నాడు. జరిగింది ఘోరమనీ, కానీ ఇది ఒక కుర్రాడి తప్పుగా చూడకూడదనీ మొదలుపెట్టి, మెల్లగా తన దారిలోకి వచ్చాడు. పెట్రోలు బండి మనిషితో మాట్లాడుతుందన్నాడు. ఎక్కలేకపోతే మూలుగుతుంది, జారబోతే చెబుతుంది, ఆగిపోతే ఆగిపోయానంటుంది. అడవిలో పెట్రోలు అయిపోతే డబ్బాతో తెచ్చి పోసుకోవచ్చు, కరెంటుని ఏ డబ్బాలో పట్టుకెళతారు? కాబట్టి బ్యాటరీ బండ్లని క్లబ్బులోంచి తీసేద్దామని తేల్చాడు.

మాస్టారు ఊరుకోలేదు. బండరాయికి ముక్కు ఆనించి నత్తలా ఎక్కాలంటే మోటారుని మించింది లేదన్నాడు. క్లచ్ కాలిపోయే బాధ లేదు, సగం ఎక్కాక ఇంజన్ చచ్చిపోయి వెనక్కి దొర్లే భయం లేదు. పోయినేడు వాగు నీళ్ళు మింగి డాక్టరుగారి బండే నిలిచిపోతే, దాన్ని బయటికి లాగింది ఏ బండో గుర్తు చేసుకోమన్నాడు. డాక్టరు ముఖం ఎర్రబడింది. ఆ రోజు ఫిల్టరు పాతదని మొదలుపెట్టాడు. బ్యాటరీ బరువుకి స్ప్రింగులు కుంగిపోవా అని ఇంకొకాయన అందుకున్నాడు.

అక్కడ కాలు తీసేసిన కుర్రాడు ఆసుపత్రి పైకప్పు చూస్తూ పడుకున్నాడు. ఇక్కడ వీళ్ళకి స్ప్రింగులు కావలసొచ్చాయి. షెడ్డక్కకి ఆ ఇద్దరి తలలూ పట్టుకుని ఒకదానికొకటి కొట్టాలనిపించింది.

తమ్ముడు లేచి నిలబడ్డాడు.

"తప్పు నాదే బావా. ఆపాననుకున్నాను గానీ తాళం తియ్యలేదు. సీటు బెల్టు విప్పుకుంటుంటే తడి బూటు పెడల్ మీద జారింది. ఎవరి ముందైనా ఒప్పుకుంటాను."

"ఒప్పుకుంటే కాలు మొలుస్తుందా?" అన్నాడు కెప్టెన్.

"మొలవదు. వాడికి నడక వచ్చేదాకా వాడి వెంటే ఉంటాను. ఏ శిక్ష వేసినా పడతాను. కానీ బండిని వెలెయ్యకండి. తాళం చూపిద్దాం అన్న రోజున మీరు నవ్వకపోతే..."

ఆ మాట పూర్తి కాలేదు. సమ్మెట కర్ర అడ్డంగా వచ్చి అతని మోకాలి పక్కన తగిలింది. ఎముక మీద కర్ర పడిన చప్పుడు అందరికీ వినిపించింది. తమ్ముడు కూలబడ్డాడు. లేవబోతే కెప్టెన్ బూటుకాలు నోటి మీద పడింది. నూనె మరకల గచ్చు మీద రక్తం ఉమ్మి, అతను రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకున్నాడే తప్ప ఎదురు తిరగలేదు. ఎదురు తిరగకపోవడం కెప్టెన్‌కి ఇంకా కసి పెంచింది. పక్కటెముకల్లో తన్నాడు. మళ్ళీ తన్నాడు.

డాక్టరు వెనక నుంచి పట్టుకోబోయాడు. కెప్టెన్ ఒక్క విదిలింపు విదిలిస్తే వెళ్ళి స్పానర్ల అరకి కొట్టుకున్నాడు. ఇనుమంతా ఆయన మీద కూలింది. మాస్టారు ఫోన్ తీశాడు. కెప్టెన్ దాన్ని లాక్కుని పాత ఆయిలు డ్రమ్ములో పడేసి, షట్టరు కింది దాకా లాగి తాళం వేశాడు. మిగతా ఇద్దరూ టైర్ల వెనక్కి చేరారు. ఎంత పెద్ద కొండలైనా ఎక్కుతామనే మొగాళ్ళందరూ గోడకి అతుక్కుపోయారు.

"అందరూ వినండి," అన్నాడు కెప్టెన్. రొప్పుతున్నాడు గానీ గొంతు పెంచలేదు. "పెట్రోలో కరెంటో మీరు తర్వాత తేల్చుకోండి. నా తీర్పు నేను చెబుతున్నాను. కాలికి కాలు."

బండ్లని లాగే వెడల్పాటి బెల్టు తీసుకొచ్చి తమ్ముడి చీలమండకి చుట్టాడు. రెండో కొస గచ్చులో పాతిన ఇనప కడియానికి బిగించాడు. బండి చట్రం వంకర తీయడానికి వేసిన కడియం అది, మనిషి లాగితే కదిలేది కాదు. తర్వాత ఎదురుగా నిలిపి ఉన్న తన పెట్రోలు జీపెక్కి స్టార్టు చేశాడు.

మూసిన షెడ్డులో ఆ చప్పుడు గుండెల మీద గుద్దింది. పొగ కమ్ముకుంది. అందరూ ఏదో అంటున్నారు. ఎవరి మాటా ఎవరికీ వినిపించడం లేదు. జీపు అంగుళం అంగుళం ముందుకి వచ్చింది. తమ్ముడు బెల్టు గుంజుకుంటున్నాడు, గోళ్ళు విరిగేలా దాని ముడి పీకుతున్నాడు.

షెడ్డక్క వెళ్ళి బంపరుకి అడ్డంగా నిలబడింది. జీపు ఆగలేదు. బంపరు ఆమె తొడలకి ఆని, ఆమెని మెల్లగా వెనక్కి నెట్టింది. ఆమె మడమలు తమ్ముడి ఒంటికి తగిలాయి. అద్దంలోంచి భర్త ముఖం కనిపించింది. ఆ ముఖంలో కోపం లేదు. పని చేసుకుంటున్నవాడి ముఖం అది. చెడిపోయిన బేరింగు ఊడదీస్తున్నప్పుడు ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు. ఈ మనిషి నిజంగానే ఎక్కించేస్తాడని ఆమెకి అప్పుడు అర్థమైంది.

ఒక పక్క మరిది మీద వేసిన ఒట్టు, ఇంకో పక్క తోడబుట్టినవాడి కాలు. ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు. పక్కకి వచ్చి జీపు తలుపు పట్టుకుని, అతని చెవి దగ్గరికి వంగింది.

"మీ తమ్ముడు తనంతట తను దిగలేదు. మీరు చెయ్యి ఊపితే దిగాడు."

అతను బ్రేకు తొక్కాడు. "ఏ చెయ్యి?"

"కుడి చెయ్యి. ఇంజన్ ఆగిందనుకుని, వెళ్ళు అన్నారు. పై నుంచి నేను చూశాను."

"అబద్ధం. నీ తమ్ముడి కోసం చెబుతున్నావు."

"ఆసుపత్రికి వెళ్ళి వాణ్ణే అడగండి. పొద్దున మెలకువ రాగానే వాడు అడిగిన మొదటి మాట అదే. మీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు. మీరు తట్టుకోలేరట."

కెప్టెన్ స్టీరింగ్ మీద ఉన్న తన కుడిచేతి వంక చూశాడు. ఏదో లెక్క తప్పినవాడిలా పెదాలు కదిపాడు. ఆ తర్వాత గేరు తీసి, హ్యాండు బ్రేకు లాగి, ఇంజన్ ఆపకుండానే కిందికి దిగాడు.

తనని చంపేస్తాడనుకుంది ఆమె. కానీ అతను ఆమెని దాటుకుని వెళ్ళి బావమరిది పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తమ్ముడు ముఖానికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు. కెప్టెన్ బెల్టు విప్పాడు. చంకల కింద చేతులు వేసి అతన్ని గోడ దాకా లాక్కెళ్ళి, తల తగలకుండా ఆనించాడు. కొట్టిన చేతులేనా అన్నంత నెమ్మదిగా చేశాడు ఆ పని.

డాక్టరు అమ్మయ్య అనుకుని ముందుకి వచ్చాడు. కెప్టెన్ సమ్మెట అందుకోవడం చూసి ఉన్నచోటే ఆగిపోయాడు.

కెప్టెన్ తిరిగి వచ్చి జీపు ముందు కూర్చున్నాడు. అదే బెల్టు తన చీలమండకి చుట్టుకుని, అదే కడియానికి బిగించుకుని, కొస పళ్ళతో లాగి ముడి గట్టి చేశాడు. కుడికాలు చక్రానికి ఎదురుగా చాపి, సమ్మెట ఒళ్ళో పెట్టుకున్నాడు.

"తీర్పు అదే," అన్నాడు. "కాలికి కాలు."

తమ్ముడు గోడ దగ్గర నుంచి పాక్కుంటూ వచ్చాడు. వద్దు బావా, లే బావా అని ఏడుస్తున్నాడు. పగిలిన పెదాల మధ్య నుంచి ఆ మాటలు సరిగా రావడం లేదు. సమ్మెట గాలిలో ఒకసారి తిరిగి అతని చేతికి జానెడు దూరంలో గచ్చు మీద పడింది. పెచ్చులు లేచాయి. మాస్టారు అతన్ని వెనక్కి లాగాడు. ఇంక ఎవరూ దగ్గరికి రాలేదు.

"వీళ్ళెవరికీ చేతకాదు. నువ్వెక్కు," అన్నాడు కెప్టెన్ భార్యతో. "బండి నువ్వు తోలు."

"లేవండి. పిచ్చి పట్టిందా మీకు?"

"వాడు నా చెయ్యి చూసి దిగాడు. నేనింక వాడి ముఖం ఎలా చూడాలి? రెండు కాళ్ళేసుకుని వాడి మంచం దగ్గరికి ఎలా వెళ్ళాలి? ఎక్కు."

అతని కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. అతను ఏడవడం ఆమె మొదటిసారి చూస్తోంది. ఇలాంటి రోజు వస్తే తన గుండె కరిగి నీరవుతుందని ఇన్నేళ్ళూ అనుకుంది. కరగలేదు. జాలి కోసం లోపలంతా వెతుక్కుంది, దొరకలేదు. అందుకు ఆమెకి తన మీద తనకే భయం వేసింది.

ఇంజన్ ఆపుదామనే ఆమె జీపెక్కింది. నిజంగా అందుకే ఎక్కింది. సీటు ఇంకా వెచ్చగా ఉంది. అద్దంలోంచి చూస్తే బానెట్ అవతల భర్త తల మాత్రం కనిపిస్తోంది, గోడ దగ్గర నోరు నొక్కుకుని కూర్చున్న తమ్ముడు కనిపిస్తున్నాడు. ఎవరి తప్పు ఎంతో తేల్చింది ఆ భర్తే. ఎవరిని కొట్టాలో చెప్పిందీ అతనే. ఇప్పుడు చక్రం ముందు కూర్చున్నా తీర్పు అతనిదే, చివరికి తనకి శిక్ష వేసే పని కూడా భార్య నెత్తినే పెట్టాడు. రేపు ఊరంతా అతని కాలు చూసి అయ్యో పాపం అంటుంది. ఆమె చెంప సంగతి గానీ, తమ్ముడి పక్కటెముకల సంగతి గానీ ఎవరడుగుతారు?

ఇంజన్ ఆపడానికి చెయ్యి చాపితే చాలు.

"ఊఁ, కానివ్వు," అన్నాడు కెప్టెన్ కింద నుంచి, పనివాడికి చెప్పినట్టు.

చాపిన చెయ్యి దారిలో ఆగిపోయి, గేరు రాడ్డు మీదికి వెళ్ళింది. ఆమె ఎడమకాలు చెప్పు విడిచి, మెల్లగా వెళ్ళి క్లచ్ మీద ఆనింది.